జేసీబీ కంటే ముందు నువ్వు అక్కడ ఉండాలి

తల్లీ,

మెట్రో తవ్వకాల దగ్గర పురావస్తు పనిలో చేరావని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. ముప్ఫై ఏళ్లు ఇలాంటి గుంతల్లోనే గడిపినదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

నగరంలో పాతవి చాలాసార్లు ఇంకేదో పని మీద తవ్వేవాళ్ల చేతికే ముందు తగులుతాయి. 1978లో మెక్సికో సిటీలో విద్యుత్ కంపెనీ కార్మికులు తవ్వుతుంటే మూడు మీటర్లకు పైగా వెడల్పున్న చెక్కిన రాయి బయటపడింది. ఆ కబురు వెంటనే అందబట్టే అక్కడి పాతకాలపు అజ్టెక్ ప్రజల ప్రధాన ఆలయాన్ని తవ్వి తీయగలిగారు. అందుకే మొదటి రోజే జేసీబీ డ్రైవర్‌తో పరిచయం చేసుకో. కుండ పెంకు, కాలిన మట్టి ఎలా ఉంటాయో చేతికిచ్చి చూపించు. పళ్లున్న బకెట్ తీసేసి, పళ్లులేని వెడల్పు బకెట్‌తో పలచగా గీకమని అడుగు. పళ్లు మట్టి పొరల్ని చీల్చేస్తాయి.

పొరలే నీ ప్రాణం అనుకో. గోడ పునాది కింద నాణెం దొరికిందంటే, ఆ గోడ నాణెం ముద్రించాక కట్టిందే. అదే నాణెం మట్టికుప్పలో దొరికితే గోడ గురించి ఏమీ చెప్పదు. కొత్తలో నేను ఒక నిండు కుండ కనబడగానే ఫొటో తీయకుండా, కొలత రాయకుండా పైకెత్తేశాను. అది ఏ పొరదో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. ఆ బాధ నాకు ఇంకా తగ్గలేదు. ముందు స్కేల్ పెట్టి ఫొటో, తర్వాత కొలత, ఆ తర్వాతే చెయ్యి వెయ్యి.

తడి మట్టిలో చెక్క దొరికితే ఆరనివ్వకు. ఆరితే ముడుచుకుని పగిలిపోతుంది. ఇస్తాంబుల్ యెనికాపి దగ్గర 37 పాత ఓడలు బయటపడితే, వాటి చెక్కను తడిగా ఉంచే కాపాడారు.

ఇంజనీర్లతో పోట్లాడకు, డ్రాయింగ్ దశలోనే వెళ్లి కలువు. కాగితం మీద ఉన్నప్పుడు పిల్లర్‌ను కాస్త పక్కకు జరపడం తేలిక, కాంక్రీటు పోశాక ఎవరూ జరపరు. లండన్‌లో 1954లో దొరికిన రోమన్ల కాలపు మిత్ర దేవుడి గుడిని ఊడదీసి వేరేచోట పెట్టారు. దాదాపు అసలు చోటికి తిరిగి చేర్చేసరికి 2017 అయింది.

రేపు గుంతలోకి దిగేముందు అంచులకు ఆసరా కట్టారో లేదో చూసుకో. కట్టకపోతే, ఎవరు ఎంత తొందరపెట్టినా దిగకు.

ఆశీస్సులతో,
పిన్ని