దసరాకు బాపును అడుగుడు కంటె ముందు

హనుమకొండ

బిడ్డా,

దసరాకు ఇంటికొచ్చి, చిన్నప్పటి బాధల గురించి బాపును నిలదీస్తనని రాసినవు. అడగొద్దని అంటలేను. ఈ దసరాకు మాత్రం వద్దు. అంతకంటె ముందటి పని మిగిలుంది.

కొడితేనే గాయమైతదని అనుకుంటరు మనోళ్లు. బాపు దుబాయిల ఉండి రెండేండ్లకోసారి చుట్టం లెక్క వచ్చిపోవుడు, అమ్మ చుట్టే బీడీల లెక్క తప్పిన నాడు ఆ కోపం పిల్లల మీద పడుడు, పదకొండేండ్లకే హాస్టల్‌ల దించిపోవుడు, "మీ అన్నను చూసి నేర్చుకో" అని దినాం వినుడు, ఇవన్ని లోపల కూర్చుంటయ్. జరగకపోయినవి ఇంకా లోతుకు పోతయ్: ఏడిస్తే దగ్గరికి తీసుకునే మనిషి లేకపోవుడు అసొంటివి. వాటి యాది కూడ సరిగ ఉండదు, అందుకే "నాకేం కాలేదు, ఎందుకిట్లున్న" అనిపిస్తది.

1995–97 మధ్య అమెరికాల శాన్‌డియాగోల 17 వేలకు పైగా పెద్దోళ్లను వాళ్ల చిన్నతనం గురించి అడిగిన్రు. చిన్నప్పుడు ఎన్ని ఎక్కువ రకాల బాధలు పడితే, పెద్దయినంక దిగులు, తాగుడు, గుండెజబ్బు అంత ఎక్కువ కనబడ్డయ్. ఇది మందిమొత్తం మీద లెక్క, నీ నొసటి రాత కాదు. ఆ లెక్క పేరు మీద ఫోన్‌ల వచ్చే పది ప్రశ్నలకు మార్కులేసుకొని కుంగిపోకు.

మేనేజర్ గొంతు పెంచితే నాలుక ఎండుతదన్నవు గదా. మెదడుల బాదంగింజంత ముక్క ఒకటుంటది, అమిగ్డాలా అంటరు. ఆలోచన అందుకోకముందే అది "ప్రమాదం" అని కూత పెడుతది. చిన్నప్పుడు అరుపు తర్వాత దెబ్బ పడిన పిల్లకు ఎవరి అరుపైనా ఒక్కటే. అందుకే "మర్చిపో" అంటే మరుపు రాదు. ముందు ఒళ్లు నెమ్మదించాలె, మాట తర్వాత.

ముందుగాల మూడు వారాలు ఇది చెయ్యి. పొద్దున, రాత్రి ఐదేసి నిమిషాలు, నాలుగు లెక్కపెట్టుకుంట గాలి తీసుకో, ఆరు లెక్కపెట్టుకుంట వదులు. మధ్యల బిగబట్టకు. వదిలేటప్పుడే గుండె నెమ్మదిస్తది, అందుకే అది పొడుగుండాలె. కండ్లు మూస్తే భయం పెరిగేటోళ్లు ఉంటరు. నువ్వు అట్లయితే కండ్లు తెరిచే ఉంచి ఎదురుంగ కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పుకో, నాలుగింటిని ముట్టుకో, మూడు చప్పుళ్లు విను. చానామంది ఇక్కడనే తప్పుతరు: మంచిగున్న రోజు చెయ్యరు, గుండె దడదడలాడంగ మొదలుపెడుతరు. ఇల్లు కాలంగ బావి తవ్వినట్టన్నట్టు.

దాంతోపాటే చిన్న నోటుబుక్కుల మూడు గీతలు గియ్యి. ఏం జరిగింది, ఒంట్ల ఎక్కడ తెలిసింది, ఆ గడియల ఎన్నేండ్ల పిల్లననిపించింది. మూడోది ముఖ్యం. వారం రాసి చూస్తే ఒకటే వయసు మళ్ల మళ్ల వస్తది.

తర్వాతనే జరిగినవి రాసుడు. 1986ల పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థులతోని రోజుకు 15 నిమిషాలు, వరుసగ నాలుగు రోజులు రాయించి చూసిండు. రాసిన పూట మనసు బరువైంది, కానీ తర్వాతి నెలల్ల వాళ్లు డాక్టరు దగ్గరికి పోవుడు తగ్గింది. నువ్వు అలారం పెట్టుకొని రాయి, మోగంగనే పెన్ను దించు. రాత్రి పండుకునే ముందు వద్దు. బాధకు సున్నా నుంచి పది దాకా మార్కులేసి, మూడో నాలుగో వచ్చినదాంతో మొదలుపెట్టు. తొమ్మిది వచ్చినదాన్ని ఒక్కదానివి తెరవకు. ఎవరన్న ఒంటి మీద చెయ్యేసిన సంగతైతే అసలే తెరవకు, అది తెలిసిన మనిషి ఎదుటనే జరగాలె. రెండు రోజులైనా బరువు దిగకపోతే రాసుడు ఆపు, మళ్ల ఊపిరి పని మీదికే రా.

ఆ తెలిసిన మనిషి క్లినికల్ సైకాలజిస్టు. సైకియాట్రిస్టు మందులు రాస్తడు, సైకాలజిస్టు మాటతోని పని చేస్తడు. కొందరికి రెండూ కావాలె. "చిన్ననాటి గాయాలకు ఏ పద్ధతిల చేస్తరు, ఎన్నిసార్లు రావాలె" అని మొదటి రోజే అడుగు. వారానికొకసారి, గంటలోపు, పది పదిహేను సార్లు మామూలే. రెండోసారికే "తల్లిదండ్రులు దేవుళ్లు, క్షమించెయ్" అంటే ఇంకొకరిని చూసుకో. అమ్మ కష్టం అర్థం చేసుకునుడు వేరు, నాకు నొప్పి కాలేదనుడు వేరు. మందులిస్తే పని కనబడనీకె కొన్ని వారాలు పడుతది, నీ అంతల నువ్వు ఆపకు. ఖర్చుకు వెనకాడితే వరంగల్ ఎంజీఎం దవాఖానల మానసిక వైద్య విభాగం ఉంది. చచ్చిపోవాలె అన్న ఆలోచన వచ్చిన క్షణం టెలీమానస్ అనే సర్కారు మానసిక సాయం నంబరు 14416కు ఫోన్ చెయ్యి. పైసలు పడవు, రాత్రైనా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు.

ఇగ పండుగ. సద్దుల బతుకమ్మ నాటికి రా, దసరా తెల్లారి పో. తొమ్మిది రోజులు ఉండకు. వాపసు టికెట్ ముందే కొనుక్కో, పోయే దారి చేతుల ఉంటే నీ లోపలున్న ఆ చిన్నపిల్ల కొంచెం ధైర్యంగ ఉంటది. యాటకూర, మందు, చుట్టాలు ఒక్కకాడ చేరిన పూట పాత ముచ్చట ఎత్తకు.

సంక్రాంతి నాటికి నిలకడొస్తే అప్పుడు అడుగు. పగటి పూట, పొలం దిక్కు నడుసుకుంట, మూడో మనిషి లేకుండ. ఒకటే సంగతి, ఒకటే మాట: "హాస్టల్‌ల నేను ఏడిస్తే నువ్వు రాలేదు బాపూ, అది ఇంకా నొప్పైతుంది." ఆయన "మీకోసమే గద దేశంగాని దేశంల కష్టపడ్డ" అంటడు. అననే అంటడు, సిద్ధంగ ఉండు. "అదీ నిజమే బాపూ" అని, ఊకె ఉండు. వాదం పెట్టుకోకు. నువ్వు తెచ్చిన మాట ఆయన చెవుల పడ్డది, ఆ రోజుకు చాలు.

ఇంట్ల ఊపిరాడకపోతే మా ఇంటికి రా, పై అర్ర ఖాళీగనే ఉంది. రాత్రి పదైనా ఫోన్ చెయ్యి, తాళంచెవి కింద కిరాణ దుకాణంల ఇచ్చిపెడుత.

నీ పెద్దవ్వ