కౌలాలంపూర్‌లో ఖాళీ శనివారాలు, అడవిలో కాగితం ముక్కలు

కౌలాలంపూర్ వచ్చిన కొత్తలో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎలాగోలా గడిచిపోతుంది. ఆఫీసు, వంట, ఇంటికి ఫోను. శనివారం పొద్దున లేచాకే ఏం చేయాలో తోచదు. ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో ఎదురింటివాళ్లెవరో తెలియదు. మాల్‌కి వెళ్తే కాసేపు ఏసీలో తిరిగి, ఏదో కొనుక్కుని, మళ్లీ అదే గదికి రావడం. మొన్న ఈ ఊరి పక్కనే ఉన్న సైబర్‌జయలో ఉద్యోగంలో చేరిన ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఇక్కడ హ్యాష్ అని ఒకటి ఉందట కదా. అడవిలో పరుగెత్తుతారట, తర్వాత తాగుతారట. నాకు పరుగూ రాదు, మందూ అలవాటు లేదు. వెళ్లొచ్చా?"

వెళ్లొచ్చు తమ్ముడూ, తప్పకుండా వెళ్లు. పదకొండేళ్లుగా వెళ్తున్నాను. నువ్వు చెప్పిన రెండు భయాలూ నాకూ ఉండేవి.

ముందు ఇదేమిటో చెబుతాను. దీని పూర్తి పేరు హ్యాష్ హౌస్ హ్యారియర్స్. ఇప్పుడు ప్రపంచమంతటా ఉంది కానీ, పుట్టింది ఈ ఊళ్లోనే, 1938లో. ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే కొందరు బ్రిటిష్‌వాళ్లు మొదలుపెట్టారు. వాళ్లలో ముఖ్యుడు గిస్పర్ట్ అనే అకౌంటెంట్. ఇప్పుడు మెర్డెకా స్క్వేర్ అంటున్న మైదానం పక్కన సెలంగోర్ క్లబ్ ఉంది కదా, దాని అనుబంధ భవనంలో వాళ్లకి భోజనాలు. అక్కడి తిండికి రుచీ పచీ ఉండదని దానికి 'హ్యాష్ హౌస్' అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల పరుగు క్లబ్‌కీ ఆ పేరే స్థిరపడింది. 1942లో సింగపూర్‌ని జపాన్ సేనలు ముట్టడించినప్పుడు జరిగిన యుద్ధంలో గిస్పర్ట్ చనిపోయాడు. యుద్ధం ముగిశాక మిగిలినవాళ్లు మళ్లీ పరుగు మొదలుపెట్టారు. ఊరు కాని ఊరికి ఉద్యోగాలకొచ్చినవాళ్లు మొదలుపెట్టిన క్లబ్ ఇది. అందుకే మనలాంటివాళ్లకి ఇంత బాగా సరిపోతుందని నా నమ్మకం.

ఇక ఆట సంగతి. ఒకరో ఇద్దరో 'కుందేలు'. వాళ్లు ముందే అడవిలోకి వెళ్లి, ఎటు నడవాలో తెలిసేలా చిన్న చిన్న కాగితం ముక్కలు వేసుకుంటూ పోతారు. అడవి లేని ఊళ్లలో పిండో సుద్దముక్కో వాడతారు. ఇక్కడ మాత్రం కాగితమే. మిగతావాళ్లంతా ఆ ముక్కల వెంట పడాలి. కొంతదూరం పోయాక ఉన్నట్టుండి కాగితం కనబడదు. దాన్నే 'చెక్' అంటారు. అందరూ నాలుగు దిక్కులకీ చెదిరి పొదల్లో, వాగు గట్టున వెతుకుతారు. వెనక నుంచి "ఆర్ యూ?" అని కేక వస్తుంది, దారి దొరికిందా అని. దొరక్కపోతే "చెకింగ్!" అనాలి. దొరికిన మనిషి "ఆన్ ఆన్!" అని అరిస్తే మంద మొత్తం అటు పరుగు తీస్తుంది. కొన్నిసార్లు అదీ దొంగదారే, వంద అడుగులు పోయాక ఆగిపోతుంది. మళ్లీ వెనక్కి రావాలి. ప్రతి చెక్ దగ్గరా దారి ఇటేనని పట్టుబట్టేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. వాళ్ల వెంట వెళ్లకండి.

ఈ చెక్‌లూ దొంగదారులూ ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. రెండో మూడో వారానికి తెలిసింది. అందరికన్నా వేగంగా ఉరికినవాళ్లే దొంగదారుల్లో ఎక్కువ తిరుగుతారు. వాళ్లు వెతుక్కుంటున్న సమయానికి వెనక నడుచుకుంటూ వచ్చేవాళ్లు కలుస్తారు. యాభై దాటిన ఆంటీ, మారథాన్లు పరుగెత్తే కుర్రాడు ఒకే చెక్ దగ్గర పక్కపక్కన నిలబడతారు. మొదట వచ్చినవాళ్లకి బహుమతీ లేదు, టైమింగూ లేదు. కాబట్టి పరుగు రాదనే టెన్షన్ వదిలెయ్యి. నేను ఇప్పటికీ సగం దూరం నడుస్తాను. చాలా గుంపులు నడిచేవాళ్ల కోసం విడిగా చిన్న దారి కూడా వేస్తాయి.

నా మొదటి రోజు బాగా గుర్తుంది. ఊరి చివర పామాయిల్ తోట పక్కన కార్లు ఆపారు. చైనీయులు, మలయా తమిళులు, ఇద్దరు జపాన్‌వాళ్లు, ఒక జర్మన్. ఎవరూ నేనేం ఉద్యోగం చేస్తున్నానని అడగలేదు. తోట దాటి అడవిలోకి దిగగానే వెలుతురు సగానికి తగ్గిపోయింది. వాన పడి వెలిసిన నేల. ఎర్రమట్టి గట్టు ఎక్కుతుంటే కాలు రెండు అడుగులు పైకి, ఒకటి కిందికి. పట్టుకోవడానికి ఒక తీగ మీద చెయ్యి వేశాను. రోటాన్ అది, అంటే పేము. దాని ముళ్లు కొక్కేల్లా వెనక్కి తిరిగి ఉంటాయి, చొక్కా భుజం పట్టేసుకుంది. లాగితే ఇంకా దిగుతాయి. వెనక వస్తున్న చైనీస్ పెద్దాయన నా భుజం పట్టి ఆపి, ఒక్కో ముల్లూ వేళ్లతో విడదీసి, "వెనక్కి అడుగెయ్, ముందుకి లాక్కోకు" అన్నాడు. అప్పటికి నేను ఈ దేశం వచ్చి ఏడు నెలలు. ఆఫీసు బయట ఒక మనిషి నా భుజం మీద చెయ్యి వెయ్యడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పిన మొదటి మాట అదే.

తాగుడు సంగతి కూడా దాచకుండా చెబుతాను. పరుగు అయ్యాక అందరూ గుండ్రంగా నిలబడతారు, 'సర్కిల్' అంటారు. కుందేళ్లని, కొత్తవాళ్లని మధ్యలోకి పిలుస్తారు. పాట పాడుతుంటే గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చెయ్యాలి, దాని పేరు 'డౌన్ డౌన్'. గ్లాసులో బీరే ఉండాలని నియమం లేదు. నేను పదకొండేళ్లుగా నీళ్లో, హండ్రెడ్ ప్లస్ అనే కూల్‌డ్రింకో తాగుతున్నాను. ముందే చెప్పండి, మొహమాటపడకండి. తాగేవాళ్లు మాత్రం కారు తీయొద్దు. 2020లో ఇక్కడి చట్టం బాగా బిగించారు, ఇప్పుడు జరిమానాలూ జైలూ గట్టిగానే ఉన్నాయి. పాటల్లో, పెట్టే ముద్దుపేర్లలో బూతు ఉంటుంది. కొన్ని గుంపులు మగవాళ్లకే. సోమవారం పరుగెత్తే మొట్టమొదటి క్లబ్ అలాంటిదే. చెల్లెళ్లూ, పిల్లలతో వచ్చేవాళ్లూ ఆడామగా కలిసే గుంపుని, కుటుంబాలు వచ్చే గుంపుని చూసుకుని వెళ్లండి. ఈ ఊళ్లో గుంపులకి కొదవలేదు. ఒకచోట నచ్చకపోతే ఇంకోచోటికి వెళ్లండి. పిల్లల ముందు ఆ పాటలు నాకూ ఇష్టం ఉండదు, అందుకే మా అమ్మాయిని తీసుకెళ్లిన రోజు సర్కిల్‌కి ఆగకుండా వచ్చేస్తాను.

సరుకుల విషయానికొస్తే, ఖరీదైన బూట్లు కొనకండి. చౌకిట్ బజారులో, చిన్న కిరాణా కొట్లలో నల్ల రబ్బరు బూట్లు దొరుకుతాయి, కింద గుబ్బలుంటాయి. రబ్బరు గీసే కూలీలు వేసుకునేవి. ఇక్కడివాళ్లు 'అడిడాస్ కాంపుంగ్' అని పిలుస్తారు, అంటే పల్లెటూరి అడిడాస్. బురదలో వాటిని మించినవి లేవు, ధర కూడా చాలా తక్కువ. మోకాళ్ల దాకా మేజోళ్లు, పొడుగు చేతుల చొక్కా, నీళ్లు, ఈల, మార్చుకోవడానికి బట్టలు. జలగలు తప్పవు. పట్టి పీకొద్దు, ఉప్పు కూడా చల్లొద్దు. నోరు ఉన్నచోట గోరు పెట్టి పక్కకి తోస్తే ఊడిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం టార్చి. ఇక్కడ ఏడాది పొడుగునా ఏడు, ఏడున్నర మధ్యలో పొద్దు గుంకుతుంది, అడవిలో ఇంకా ముందే చీకటి. రెండో ఏట ఒకసారి ఫోనులో లైటు ఉంది కదా అని టార్చి లేకుండా వెళ్లాను. సాయంత్రం ఉరుములతో వాన దంచేసింది, కాగితం ముక్కలు కొట్టుకుపోయాయి, ఫోను తడిసి ఆగిపోయింది. నేనూ ఇంకో ఇద్దరమూ ఒక వాగు దగ్గర దారి తప్పాం. మేం చేసిన మంచి పని ఒక్కటే. కదలకుండా ఒకేచోట కూర్చుని నిమిషానికోసారి ఈల వేశాం. గంటన్నరకి మా గుంపువాళ్లు లైట్లతో వచ్చి పట్టుకున్నారు. అందరూ బయటికి వచ్చారో లేదో లెక్క చూసే గుంపుతోనే వెళ్లండి. మొదటి రోజే అడగండి: "ఎవరైనా రాకపోతే మీరేం చేస్తారు?" సరిగ్గా జవాబు చెప్పలేని గుంపుతో నేనైతే అడవిలోకి అడుగు పెట్టను. మీ మెడికల్ కార్డు మీద ఇన్సూరెన్స్ ఇలాంటి ప్రమాదాలకి వర్తిస్తుందో లేదో ఆఫీసులో కనుక్కోండి. అత్యవసరమైతే 999.

చివర్లో అందరూ కలిసి భోజనానికి వెళ్తారు, ఎక్కువగా చైనీస్ హోటళ్లకి. శాకాహారులైతే అక్కడ ఇబ్బందే. ఇద్దరు ముగ్గుర్ని పోగుచేసి మమక్ కొట్టుకి, అంటే తమిళ ముస్లింల హోటలుకి వెళ్లండి. పరోటాలాంటి వేడి రోటీ చనాయ్, నురగ తేలే పాల టీ తే తారిక్. మన కార్తీక వనభోజనాల్లో చెట్టు కింద కూర్చున్న తృప్తే నాకు ఆ ప్లాస్టిక్ కుర్చీలో దొరుకుతుంది.

ఇంకొక్క మాట. ఒకసారి ఉత్తరాన పెరాక్ రాష్ట్రం వైపు ఒక పామాయిల్ తోటలో పరుగు పెట్టారు. చెక్ దగ్గర నేనూ ఇంకో తెలుగాయనా "అటు కాదండీ, ఇటు!" అని అరుచుకుంటున్నాం. తోటలో గెలలు ఏరుతున్న ఒక ముసలాయన కొక్కెం కర్ర దించి, మా వైపు నడిచొచ్చి, "ఏ ఊరు మీది?" అన్నాడు. వాళ్ల తాత విశాఖ జిల్లా నుంచి ఓడలో వచ్చాడట. ఆయన ఎప్పుడూ ఇండియా చూడలేదు. మాట మాత్రం మన మాటే, మధ్యలో మలయ్ పదాలు దొర్లుతున్నాయి. "మకాన్ అయిందా బాబూ?" అని అడిగాడు, తిన్నావా అని. మేం ఆగిపోయాం, గుంపు ముందుకి వెళ్లిపోయింది. ఇక్కడి తెలుగు సంఘం గురించి, ఉగాదికి గుళ్లో జరిగే పూజ గురించి నాకు మొదట చెప్పింది ఆయనే. తర్వాత కాగితం ముక్కలు ఎటు పోయాయో చూపించి, వాగు దాటేదాకా మాతో వచ్చాడు.