భూమి ముచ్చట: అడవి పక్క చెలక మంచివాళ్లకే అమ్మాలని ఉంది, ఎలా?

ప్రశ్న: అన్నా, ఖానాపురం మండలంలో పాకాల వైపు మా నాన్నకు తొమ్మిదెకరాల చెలక ఉండేది. ఆయన పోయాక అది నాకూ తమ్ముడికీ వచ్చింది, ఇంకా పంచుకోలేదు. అందులో నాలుగెకరాలు నాన్న ఎన్నడూ దున్నలేదు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు అట్లాగే ఉన్నాయి. వెంచర్ వాళ్లు మంచి రేటు ఇస్తామని తిరుగుతున్నారు. ఈమధ్య హైదరాబాద్ నుంచి ఇద్దరు స్నేహితులు వచ్చారు. చెట్టు ముట్టుకోమని, అయిదారు మట్టి ఇళ్లు కట్టి ప్రకృతి సేద్యం చేస్తామని చెప్పారు. కోస్టారికాలో సముద్రం ఒడ్డున వర్షారణ్యాన్ని ఇట్లాగే కొని కాపాడుతున్నారని వీడియోలు చూపించారు. వీళ్లు ఎకరానికి రెండు లక్షలు తక్కువిస్తారు. ఇద్దరిలో ఒకాయనకు అమెరికా పౌరసత్వం ఉంది. బయానా క్యాష్‌గా ఇస్తారట. నాకు వీళ్లకే ఇవ్వాలని ఉంది, తమ్ముడు ఒప్పుకోవట్లేదు. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: చెల్లెమ్మా, రెండు లక్షలు తక్కువైనా చెట్లు మిగలాలని అనుకోవడం మీ ఇష్టం, అందులో తప్పేమీ లేదు. వచ్చినవాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ వాళ్ల మంచితనం భూమితో పాటు రిజిస్టర్ కాదు. రేపు వాళ్లకు డబ్బు అవసరమై ఇంకొకరికి అమ్మితే ఆ కొన్నవాడు మీకు ఏ మాటా ఇచ్చి ఉండడు కదా.

ఆ కోస్టారికా వీడియోల సంగతి కూడా కొంచెం తెలుసుకోండి. అక్కడ కొన్నవాళ్ల మనసు మీద మాత్రమే అడవి నిలబడట్లేదు. 1996 అడవి చట్టం ప్రకారం సొంత భూమిలో ఉన్నా సరే, అడవిని తీసేసి వేరే పనికి వాడకూడదు, పైగా కాపాడినందుకు యజమానికి సర్కారే డబ్బు కట్టే పథకం ఉంది. సముద్రం ఒడ్డునైతే 1977 చట్టం ప్రకారం పోటు గీత నుంచి మొదటి 50 మీటర్లు అందరిదీ, ఆ తర్వాతి 150 మీటర్లలో సొంత పట్టా కాకుండా మామూలుగా లీజు లాంటి అనుమతే ఇస్తారు. అంటే అక్కడ కొన్నవాడు మనసు మార్చుకున్నా చట్టం అడ్డం ఉంటుంది. మీ చెలక మీద అంత గట్టి అడ్డు లేదు. అందుకే ఇక్కడ కాగితం మీద ఎక్కువ పని ఉంది.

చాలామంది సేల్ డీడ్‌లో 'కొన్నవారు చెట్లు నరకరాదు' అని ఒక వాక్యం రాయించి హాయిగా ఉంటారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో సెక్షన్ 11 ఉంది. పూర్తిగా అమ్మేసిన ఆస్తిని ఇట్లా వాడు, అట్లా వాడకు అని అమ్మినవాళ్లు షరతు పెడితే, కొన్నవాడు దాన్ని పట్టించుకోనక్కర్లేదని ఆ సెక్షన్ చెబుతుంది. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు కూడా ఉంది, మీకు పనికొచ్చేది అదే. పక్కనే మీకు సొంత భూమి మిగిలి ఉండి, ఆ భూమిని మీరు బాగా అనుభవించడానికే ఆ షరతు పెట్టినట్టయితే, అప్పుడు దాన్ని అమలు చేయమని అడిగే హక్కు మీకుంటుంది. కాబట్టి మొత్తం అమ్మకండి. చెట్లున్న తునకను ఆనుకుని కొంత భూమి మీ పేరున ఉంచుకోండి. మీకు మిగిలిన భూమికి నీడ, నీటి ఊట, మట్టి కోసుకుపోకుండా ఉండటం కోసం పక్క నాలుగెకరాల్లో చెట్లు తీయకూడదు, కట్టడాలు కట్టకూడదు అని కారణంతో సహా డీడ్‌లోనే రాయించండి, దానికి ఒక స్కెచ్ కూడా జత చేయించండి. విడిగా స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకుంటే లాభం తక్కువ. రిజిస్టరైన డీడ్‌లో ఉంటే, తర్వాత కొనేవాడు నాకు తెలియదని తప్పించుకోవడం కష్టం. వాక్యాల పని మాత్రం వరంగల్ కోర్టులో సివిల్ కేసులు చూసే వకీలుతో చేయించండి, డాక్యుమెంట్ రైటర్‌కు వదిలేయకండి.

ఇంకో దారి ఉంది, దీని గురించి మన దగ్గర పెద్దగా మాట్లాడుకోరు. వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2002లో సవరించినప్పుడు 36సి అనే సెక్షన్ పెట్టారు. అభయారణ్యంలోనూ జాతీయ పార్కులోనూ లేని సొంత భూమిని యజమాని తనంతట తాను ముందుకొచ్చి ఇస్తానంటే ప్రభుత్వం దాన్ని కమ్యూనిటీ రిజర్వ్‌గా ప్రకటించవచ్చు. భూమి యజమానిదే, కానీ ఆ తర్వాత దాని వాడకం మార్చాలంటే నిర్వహణ కమిటీ తీర్మానం, ప్రభుత్వ అనుమతి రెండూ కావాలి. నాలుగెకరాలకు సర్కారు ఒప్పుకుంటుందని నేను మాట ఇవ్వలేను. అయినా ఆ ఇద్దరినీ అడిగి చూడండి, కొన్నాక దీనికి దరఖాస్తు పెడతామని అగ్రిమెంట్‌లో రాస్తారా అని. ఎన్ని వీడియోలు చూపించినా తెలియని సంగతి ఈ ఒక్క ప్రశ్నకు వాళ్లిచ్చే జవాబులో తెలిసిపోతుంది.

ఇక అమెరికా పౌరుడి విషయం. విదేశీ మారక చట్టం కింద ఎన్‌ఆర్‌ఐలు గానీ, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నవాళ్లు గానీ మామూలుగా వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా రావచ్చు, కొనడం మాత్రం కుదరదు. 'మరేం ఫర్వాలేదు, డబ్బు నాది, పేరు వాడిది' అంటే అది బినామీ లావాదేవీ అవుతుంది, ఆ గొడవలో మీ పేరు కూడా నలుగుతుంది. ఇక్కడుండే స్నేహితుడు తన డబ్బుతో, తన పేరున కొంటేనే ముందుకెళ్లండి.

బయానా క్యాష్ అస్సలు వద్దు. స్థిరాస్తి అమ్మకానికి అడ్వాన్స్‌గా 20,000 రూపాయలు లేదా అంతకుమించి నగదు తీసుకుంటే, ఎంత తీసుకున్నారో అంత జరిమానా పడవచ్చు, అదీ తీసుకున్నవాళ్ల మీద! ఇచ్చినవాడు హాయిగా ఉంటాడు, టెన్షన్ మీకు. ఖాతాలో వేయమనండి.

మట్టి ఇళ్లకోసం ముందే నాలా మార్పిడి (వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం) చేయించి ఇమ్మని అడుగుతారు, ఒప్పుకోకండి. మున్సిపాలిటీకి దూరంగా ఉన్న వ్యవసాయ భూమిని వ్యవసాయ భూమిగానే అమ్మితే దాని లాభం మీద ఆదాయపన్ను లేదు. మార్పిడి చేశాక అమ్మితే పన్ను మీ నెత్తిన పడుతుంది. మార్చుకునేది కొన్నాక వాళ్లే మార్చుకోవాలి. దూరం లెక్క (జనాభాను బట్టి 2, 6, 8 కిలోమీటర్లు) ఆడిటర్‌ను ఒకసారి అడగండి.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సినవి చెబుతాను. మీ ఇద్దరి పేర్ల మీదకు విరాసత్ (వారసుల పేరున పట్టా మార్పు) అయిందా? పంపకం చేసుకుని, చెట్లున్న వైపు మీ వాటాగా తీసుకోండి, తమ్ముడి వాటా తమ్ముడిష్టం. ఈసీ (భూమి మీద అమ్మకాలు, తాకట్టుల వివరాలు చూపే పత్రం) తీయండి, పాత ఖాస్రా పహాణీలో (పాత రెవెన్యూ భూమి రికార్డు) ఆ సర్వే నంబరుకు ఏం రాసి ఉందో చూడండి. లావుణి పట్టా (సర్కారు పేదలకు అసైన్ చేసిన భూమి) అని తేలితే మన 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అది అమ్మకానికి పనికిరాదు, కథ అక్కడితో ఆగిపోతుంది. పాకాల అభయారణ్యం పక్కనే ఉంది కాబట్టి అటవీ, రెవెన్యూ శాఖలు కలిసి చేసే హద్దుల సర్వే కోసం అర్జీ పెట్టండి. పట్టా మనదే అయినా రికార్డులో ఎక్కడైనా అడవి అని ఉంటే, 1996 డిసెంబర్ 12 సుప్రీంకోర్టు తీర్పు నుంచి ఆ భూమి అటవీ సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. అభయారణ్యం చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతంలో కొత్త హోటళ్లు, రిసార్టులకు సాధారణంగా పెద్ద అడ్డంకులే ఉంటాయి. మీ కొనుగోలుదారుల అయిదారు మట్టి ఇళ్లకు అనుమతి వస్తుందో లేదో వాళ్లే ముందు డీఎఫ్‌ఓ (జిల్లా అటవీ అధికారి) ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. కొన్నాక రాలేదని తెలిస్తే మీకివ్వాల్సిన బాకీ డబ్బు దగ్గర పేచీ పెడతారు, ఇట్లాంటివి చాలా చూశాను.

ప్రశ్న: తాడ్వాయి మండలంలో మా తాత 1965లో కొన్న భూమి ఉంది. మేం గిరిజనులం కాదు. అడవి పెంచుతామని ఒక ట్రస్టు కొంటానంటోంది, లేకపోతే 30 ఏళ్ల లీజు అయినా సరే అంటోంది. ఇవ్వవచ్చా? (ఒక పాఠకుడు, ములుగు)

జవాబు: అది షెడ్యూల్డ్ ఏరియా తమ్ముడూ, అక్కడ నడిచేది వన్ ఆఫ్ సెవెంటీ, అంటే గిరిజన ప్రాంతాల్లో భూమి బదిలీలను అదుపు చేసే 1970 నాటి చట్టం. 1970 ఫిబ్రవరి 3 నుంచి అక్కడి భూమిని గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి ఇచ్చినా చెల్లదు. ఇవ్వాలంటే గిరిజనులకు గానీ, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ ఇవ్వాలి. లీజు, తాకట్టు, దానం కూడా ఈ చట్టం లెక్కలో బదిలీలే. అడవి పెంచే ట్రస్టు కదా అని మినహాయింపు లేదు. ఇంకోటి, గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల దగ్గర్నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని నిరూపించాల్సింది మీరే. తాతగారి కొనుగోలు కాగితాలు జాగ్రత్త. ఊళ్లో కోయ రైతుల సంఘం ఉంటే వాళ్లతో మాట్లాడండి, అడవి పెంచడానికి ఆ ట్రస్టు వాళ్లకు సాయం చేయవచ్చు.

ప్రశ్న: అమ్మేముందు పట్టా భూమిలోని టేకు చెట్లు కొట్టుకుని అమ్ముకోవచ్చా? (నర్సంపేట)

జవాబు: అనుమతి లేకుండా వద్దు. సొంత చెట్టుకైనా 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ఉంది, టేకు దుంగలు బండెక్కాలంటే అటవీశాఖ రవాణా పర్మిట్ కూడా కావాలి. కొనేవాడు చెట్లను చూసి రేటు చెప్పి ఉంటే ముందు అతనితో ఆ లెక్క తేల్చుకోండి.