వాంతుల మాత్ర సరే, మిగతా మందుల మాటేమిటి?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. వచ్చే నెలలో కుటుంబమంతా సొంత కారులో అడవి కొండల మీదుగా సముద్రతీరానికి వెళ్తున్నాం. పదకొండు గంటల ప్రయాణం. పిల్లలు నిద్రలో ఉంటారని రాత్రి ఒంటిగంటకు బయలుదేరాలనుకుంటున్నాం. నేనే నడుపుతాను. మా పాపకు ఏడేళ్లు. ఘాట్ రోడ్డు మొదలైతే చాలు, వాంతులు. గతేడాది ఇంట్లో ఉన్న ఒండాన్‌సెట్రాన్ సిరప్ ఇచ్చినా ఆగలేదు. ఈసారి ప్రొమెథజైన్ మాత్ర వేద్దామనుకుంటున్నాం. పద్నాలుగు నెలల బాబుకు అందులో పావు ముక్క ఇవ్వవచ్చా? మా నాన్నగారికి ఒకటి ఇచ్చి, ముందుజాగ్రత్తగా నేనూ సగం వేసుకుంటాను. నాన్నగారికి 69 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తారు. దారిలో మాటిమాటికీ ఆపాల్సి వస్తుందని ఆ రోజు నీళ్లు తగ్గించి, బీపీ మాత్ర మానేస్తానంటున్నారు. గతసారి తిరిగొచ్చిన రెండు వారాలకు పాపకు జ్వరం వచ్చింది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ నాలుగు రోజులు వేస్తే తగ్గింది. అదీ వెంట తీసుకెళ్తున్నాం. వాంతులకు ఏ మాత్ర మంచిదో చెప్పగలరు. - ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగింది ఒక మాత్ర పేరు. మీ ఉత్తరంలో నాకు కనిపించినవి నాలుగైదు మందులు, వాటిని ఎవరికి ఎంత వేయాలో ఇంట్లోనే తేల్చేసిన తీరు. పాప వాంతుల సంగతికి వస్తాను. అంతకంటే ముందు చెప్పాల్సినవి ఉన్నాయి.

బాబుకు ప్రొమెథజైన్ వద్దు. పావు ముక్క కాదు, రవ్వంత కూడా వద్దు. రెండేళ్లలోపు పిల్లల్లో ఈ మందు శ్వాసను ప్రమాదకరమైన స్థాయికి మందగింపజేయగలదు. ప్రాణాలు పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి కాబట్టే ఆ వయసులో వాడకూడదని హెచ్చరిక ఉంటుంది. పైగా మాత్రను గోటితో విరిచి పావు చేస్తే ఎంత మందు లోపలికి పోయిందో ఎవరూ చెప్పలేరు. అసలు రెండేళ్లలోపు పిల్లలకు ప్రయాణపు వాంతులు చాలా అరుదు. బాబుకు ఇంతవరకు వాంతులైనట్టు మీరూ రాయలేదు. లేని జబ్బుకు మందు ఎందుకు? అంతకంటే ముఖ్యం, వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు సీట్లో ప్రయాణించకండి. వెనుక సీటులో, వాడి వయసుకు తగిన పిల్లల సీటులో బెల్టు పెట్టి కూర్చోబెట్టండి.

ఇక మీరు. స్టీరింగు పట్టుకున్న మనిషికి ప్రయాణపు వికారం రావడం తక్కువ. మలుపు ఎటు తిరుగుతుందో అతని కళ్లకు ముందే తెలుస్తుంది. ఆ సగం మాత్ర మీకు ఇచ్చేది మగత మాత్రమే, అదీ కొందరిలో మర్నాటి దాకా వదలదు. నాకు నిద్ర రావడం లేదు కదా అనుకున్నా, ఎదుటి వాహనాన్ని చూసి బ్రేకు మీద కాలు వేసేసరికి ఆలస్యమవుతుంది. జలుబు మాత్రల్లో, దగ్గు మందుల్లో కూడా ఈ కోవకు చెందినవే ఉంటాయి. కారు నడిపే రోజున వాటికి దూరంగా ఉండండి.

రాత్రి ఒంటిగంట ప్రయాణం కూడా నాకు నచ్చలేదు. తెల్లవారుజామున 2 నుంచి 6 గంటల మధ్య మనిషి చురుకుదనం అట్టడుగుకు పోతుంది. పిల్లలు నిద్రపోయే వేళ అంటున్నారు, మీ శరీరం కోరుకునేదీ అదే. మీ లెక్క ప్రకారం సరిగ్గా ఆ వేళలోనే మీరు చీకట్లో కొండ మలుపులు తిప్పుతుంటారు. రాత్రి కంటినిండా నిద్రపోయి వెలుగు వచ్చాక బయలుదేరండి. రెండు గంటలకోసారి బండి ఆపి అందరూ దిగి నడవండి. పెద్దవాళ్ల కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా తగ్గుతుంది.

నాన్నగారి విషయంలో కాస్త గట్టిగానే చెప్పాలి. రాత్రికి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారంటే షుగర్ అదుపులో లేకపోవచ్చు, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఉండవచ్చు, రెండూ కావచ్చు. పరీక్ష చేయకుండా నేను తేల్చలేను. ప్రోస్టేట్ పెరిగిన మనిషికి ప్రొమెథజైన్ వంటి మందు ఇస్తే మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు. పొత్తికడుపు రాయిలా బిగిసి, గొట్టం వేస్తే తప్ప చుక్క రాని స్థితి అది. ఆ అవస్థ కొండ మధ్యలో వస్తే దగ్గరలో ఆస్పత్రి ఉంటుందన్న భరోసా లేదు. ఈ వయసులో ఈ మందులు తికమకను, తూలి పడిపోవడాన్ని కూడా తెచ్చిపెడతాయి. కంట్లో నీటికాసులుంటే ఇంకా జాగ్రత్త అవసరం.

నీళ్లు మానేయడం, బీపీ మాత్ర మానేయడం అస్సలు చేయకూడదు. కొన్ని రకాల బీపీ మందులు ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు, గుండె వేగం ఒక్కసారిగా ఎగబాకుతాయి. ఆయన వేసుకునేది మూత్రం ఎక్కువ పోయే మాత్ర అయితే, ఆ ఒక్క రోజుకు వేళ మార్చవచ్చేమో రాసిన డాక్టరునే అడగండి. మీరు మార్చకండి. నీళ్లు తగ్గిస్తే రక్తం చిక్కబడి, కళ్లు తిరిగి, మూత్రపిండాల మీద భారం పడుతుంది. బండి ఆపడానికి మొహమాటమెందుకు? ఆయన అడిగే వరకు ఆగకుండా మీరే ముందుగా ఆపండి.

మీరు రాయనిది ఇంకొకటి ఉంది. వికారం భయంతో పెద్దవాళ్లు ఉదయం ఏమీ తినరు, అలవాటుగా షుగర్ మాత్ర మాత్రం వేసేసుకుంటారు. గ్లిమెపిరైడ్ వంటి మాత్ర అయితే రెండు మూడు గంటల్లో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు, తర్వాత మగత. కారులో ఈ మగతను అందరూ నిద్ర అనుకుంటారు. నుదుటి మీద చల్లని చెమట పట్టి, పిలిస్తే సరిగా పలకకపోతే అది నిద్ర కాదు. స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటలో గ్లూకోమీటరుతో చూడండి. చక్కెర ఇంకా తక్కువగానే ఉంటే మళ్లీ ఇవ్వండి, తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మూత్రంలో చక్కెరను పంపేసే కొత్తరకం మాత్రలు వాడుతుంటే, వాంతులతో తిండి, నీళ్లు నిలవని రోజున వాటిని కొనసాగించాలా వద్దా అన్నది కూడా ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. ఇన్సులిన్ ఉంటే ఎండలో నిలిపిన కారులో వదలకండి. ఐస్‌ ముక్కలకు తగిలేలా కూడా పెట్టకండి.

ఇప్పుడు పాప. ఒండాన్‌సెట్రాన్ పని చేయకపోవడంలో వింత లేదు. అది విరేచనాలతో వచ్చే వాంతులకు, క్యాన్సర్ మందుల తర్వాత వచ్చే వాంతులకు బాగా పనిచేస్తుంది. ప్రయాణపు వాంతుల మీద దాని ప్రభావం అంతంతమాత్రం. ఇక్కడ గొడవ కడుపులో లేదు. లోపలి చెవి శరీరం కదులుతోందని చెబుతుంది, సీటు వెనుక భాగాన్నో ఫోనునో చూస్తున్న కళ్లు కదలడం లేదంటాయి. ఈ పేచీయే వికారం. అందుకే ఫోను, బొమ్మల పుస్తకం రెండూ సంచిలో పెట్టేయండి. వెనుక సీటులో ముందు రోడ్డు కనిపించే చోట, తల వెనక్కి ఆనించి, దూరంగా చూస్తూ కూర్చోమనండి. అద్దం కొద్దిగా దించండి. బయలుదేరే ముందు నూనె లేని తేలికపాటి ఆహారం కొంచెం పెట్టండి. ఖాళీ కడుపు కూడా వాంతిని పెంచుతుంది. మలుపుల్లో బండి నెమ్మదిగా పోనివ్వండి, ఆ మందు మీ కాలి కిందే ఉంది.

ఇవన్నీ చేసినా ఆగకపోతే ఏడేళ్ల పిల్లకు డైమెన్‌హైడ్రినేట్ గానీ ప్రొమెథజైన్ గానీ వాడవచ్చు. రెండూ కలిపి కాదు. బయలుదేరడానికి అరగంట, గంట ముందే ఇవ్వాలి. వాంతి మొదలయ్యాక మింగిన మాత్ర అదే వాంతిలో బయటకు వస్తుంది. పాప బరువు మీరు రాయలేదు. ఉబ్బసం, ఫిట్స్ ఉన్నాయో లేదో తెలియదు. అందుకే మోతాదు ఇక్కడ రాయను. మీ పిల్లల డాక్టరు ఒకసారి చూసి చీటీ రాస్తారు. మొదటిసారి వేసే మాత్రను ప్రయాణానికి ముందు ఒక సెలవు రోజున ఇంట్లోనే వేసి చూడమని నేనైతే చెబుతాను. కొందరు పిల్లలు మగతకు బదులు విపరీతమైన చిరాకుతో గంతులేస్తారు.

నన్ను నిజంగా కలవరపెట్టింది గతేడాది జ్వరం. మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. అడవి ప్రాంతం నుంచి వచ్చిన రెండు వారాలకు జ్వరం అంటే మేం మొదట తలచుకునేవి మలేరియా, స్క్రబ్ టైఫస్. మెదడుకు ఎక్కే ఫాల్సిపారం మలేరియా దోమ కుట్టిన 10 నుంచి 14 రోజులకు బయటపడడం మామూలు. స్క్రబ్ టైఫస్ పొదల్లో, గడ్డిలో ఉండే నల్లికంటే చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది, దానికీ వారం పది రోజులు పడుతుంది. మీరు వేసిన సిరప్ మలేరియా మీద పని చేయదు. అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ వంటివి స్క్రబ్ టైఫస్ మీద కూడా పని చేయవు. మరి తగ్గింది కదా అంటారు. వైరల్ జ్వరమై ఉంటే ఏ మందూ లేకుండానే ఆ నాలుగు రోజుల్లో తగ్గేది. అదృష్టాన్ని సిరప్ ఖాతాలో రాశారు. ఫాల్సిపారం అయితే వైద్యం అందకుండా ఒక్క రోజు గడిచినా పరిస్థితి చేయి దాటిపోవచ్చు.

ఇంకో మాట. పొడిలో నీళ్లు కలిపి తయారుచేసే సిరప్ సాధారణంగా వారం రోజులు, కొన్నయితే పది పద్నాలుగు రోజులు మాత్రమే పనికొస్తుంది. పెట్టె మీది గడువు తేదీ నీళ్లు కలపని పొడికి. ఏడాది కిందట కలిపిన సీసాను మీరు పిల్ల కోసం సర్దుకుంటున్నారు! దాన్ని సామానులోంచి ఇప్పుడే తీసేయండి. ఆ స్థానంలో ఓఆర్ఎస్ పొట్లాలు, థర్మామీటరు, పాప బరువుకు రాసిచ్చిన పారాసిటమాల్, నాన్నగారి రోజువారీ మందులు రెండు రోజులకు అదనంగా పెట్టుకోండి. జ్వరానికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, డెంగీ అయితే రక్తస్రావం జరగవచ్చు.

కొండల్లో సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కాలు, దోమల మందు, రాత్రి తెర. గడ్డిలో నేరుగా కూర్చోకండి. రోజూ స్నానం చేయించేటప్పుడు పాప చంకలు, గజ్జలు, నడుము, చెవుల వెనుక చూడండి. సిగరెట్ కాలినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ గుర్తు కావచ్చు. నొప్పి, దురద ఉండవు కాబట్టి పిల్ల చెప్పదు. పాము కాటేస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. ఆ కాలు కదలకుండా ఉంచి నేరుగా ఆస్పత్రికే. సముద్రంలో పిల్లలు మీ చేతికి అందేంత దూరం దాటకూడదు. నేను సముద్రం గురించి ఇంతకంటే రాయలేను, బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారు.

నాన్నగారిని మాత్రం బయలుదేరే ముందే చూపించండి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెర), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు), మూత్ర పరీక్ష, ప్రోస్టేట్ స్కానింగ్ అవసరమా అన్నది పరీక్షించిన డాక్టరు చెబుతారు. ఇక్కడ రాసినవి సాధారణ సూచనలే, ఆ పరీక్షకు ప్రత్యామ్నాయం కావు.

తిరిగొచ్చాక ఎవరికి జ్వరం వచ్చినా మొదటి రోజే రక్త పరీక్ష చేయించండి. మలేరియా పరీక్షలో ఒకసారి ఏమీ కనిపించకపోయినా జ్వరం ఆగకపోతే మళ్లీ చేయించాలి. మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, నీళ్లు తాగకపోయినా తెల్లవారే దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. వైవాక్స్ రకం మలేరియా కాలేయంలో దాగి నెలల తర్వాత కూడా బయటపడగలదు. అప్పటికి ఈ ప్రయాణం ఎవరికీ గుర్తుండదు. ఎదుట కూర్చున్న డాక్టరుకు అసలే తెలియదు. ఏ తేదీల్లో ఏ అడవిలో రాత్రి గడిపారో ఒక కాగితం మీద రాసుకుని, ఆయన అడగకపోయినా మీరే చెప్పండి.