అద్దం పట్టుకుని నడవకు

చిట్టితల్లికి,

బ్రిటన్‌లోని వై నది ఒడ్డున వారం ఉండి 18వ శతాబ్దపు పద్ధతిలో బొమ్మలు గీస్తావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మా ఇంట్లో ఇంకొకరికి ఆ పిచ్చి పట్టిందని మురిసిపోయాను. క్లాడ్ అద్దం కూడా కొన్నావన్నాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

గొడుగు మరచిపోకు. ముందు పెన్సిల్ గీత, తర్వాత బూడిద రంగు పూతతో వెలుగునీడలు, అది బాగా ఆరాక పల్చని రంగులు. వాన పడితే గదిలో కూర్చుని ఆ కాలపు చిత్రకారుడు అలెగ్జాండర్ కోజెన్స్ చెప్పినట్టు నలిపిన కాగితం మీద సిరా మరకలు వేసి, వాటిలో కొండలు వెతుక్కో.

ఇక అద్దం. ఉబ్బెత్తుగా, నల్లగా, అరచేతిలో ఇమిడిపోతుంది. దృశ్యానికి వీపు తిప్పి అందులో చూస్తే కొండలన్నీ చిన్నవై, రంగులు ఒకే ఛాయలో ఒదిగి, పాతకాలపు ప్రకృతి చిత్రకారుడు క్లాడ్ లొరేన్ బొమ్మలా కనిపిస్తాయి. కవి థామస్ గ్రే 1769లో ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఆ అద్దం చేతిలో ఉండగానే బురద దారిలో వెల్లకిలా పడి వేళ్ల కణుపులు పగలగొట్టుకున్నాడు. అది చదివి పడీపడీ నవ్వినదాన్ని నేను.

నలభై ఏళ్ల కిందట అదే వై ఒడ్డున టింటెర్న్ మఠం శిథిలాలకు వీపు పెట్టి, నదికి ఎదురుగా నిలబడ్డాను. అద్దంలో మఠం గోడ సగమే కనిపించింది. మొత్తం పట్టాలంటే ఇంకా దూరం జరగాలి. కళ్లు అద్దంలో, కాళ్లు ముందుకు. సముద్రపు పోటు అక్కడి దాకా వస్తుంది. నీరు తీశాక ఒడ్డంతా జారుడు బురదే. తొడల దాకా దిగబడ్డాను. కుక్కతో షికారుకొచ్చిన పెద్దాయన లాగకపోతే ఈ ఉత్తరం రాసేవాళ్లే లేరు. స్కెచ్ పుస్తకం పోయింది. అద్దం మాత్రం చేతిలోనే ఉంది, సిగ్గులేకుండా.

మీ నాన్నకు ఈ సంగతి తెలియదు. చెప్పకు.

1770లో ఆ నది మీద పడవలో వెళ్లిన రచయిత విలియం గిల్పిన్‌కు ఆ మఠం గోడల కొనలు నచ్చలేదు. సుత్తితో కాస్త సవరిస్తే బాగుండునని పుస్తకంలో రాశాడు. నువ్వు పెన్సిల్‌తోనే సవరించు తల్లీ.

ఆ మధ్యాహ్నమంతా నేను ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. ఆ గోడ అసలు రంగేమిటో నాకిప్పటికీ తెలియదు. పెన్సిల్ బొమ్మ మీదే రంగుల పేర్లు రాసుకునే అలవాటు నీకుంది కదా, ఆ గోడ దగ్గర నాకోసం ఒక్క మాట రాసుకురా. తెలుగులో.

మీ అత్తయ్య