బొగ్గు ఉంటుంది సరే, బొగ్గులో ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: నేను గోదావరిఖనిలో సింగరేణి కార్మికుణ్ని. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. ఎప్‌సెట్ ర్యాంకును బట్టి మైనింగ్ ఇంజినీరింగ్‌లో సీటు వచ్చేలా ఉంది. వాడేమో సోలార్ వైపే వెళ్తానంటున్నాడు. ‘బొగ్గు ఎక్కడికీ పోదు’ అని మా వాళ్లంతా అంటున్నారు. నన్ను మెడికల్ అన్‌ఫిట్ పెట్టుకుని ఉద్యోగం వాడికి ఇప్పించమనేవాళ్లూ ఉన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజం ఉంది. 2024-25లో కూడా మన దేశంలో తయారైన కరెంటులో 70 శాతానికి పైగా బొగ్గు నుంచి వచ్చిందే. నాలుగేళ్లలో గనులు మూతపడతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

కానీ బొగ్గు ఉండటం వేరు, బొగ్గులో ఉద్యోగాలు ఉండటం వేరు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవారు. అప్పుడు ఏడాదికి తీసిన బొగ్గు 2 కోట్ల టన్నులకు అటూ ఇటూ. 2023-24లో తీసింది 7 కోట్ల టన్నులు. ఇప్పుడున్న కార్మికులు సుమారు 40 వేలు. బొగ్గు మూడింతలైంది, మనుషులు సగం కూడా మిగల్లేదు. ఇందులో సోలార్ చేసిందేమీ లేదు. భూగర్భ గనులు తగ్గి పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి, ఓబీ పనులు (బొగ్గు మీది మట్టి, రాళ్లు తీసే పనులు) కాంట్రాక్టర్ల చేతికి వెళ్లాయి. మీ కళ్ల ముందే జరిగిన మార్పు ఇది.

ఇంకో లెక్క చూడండి. మీ అబ్బాయికి ఇప్పుడు 18 ఏళ్లనుకుంటే, 61కి రిటైరయ్యేసరికి 2070 దగ్గరపడుతుంది. 2070 నాటికి నెట్ జీరో, అంటే గాలిలోకి వదిలే కర్బన వాయువులు తిరిగి పీల్చుకునేదానికి మించని స్థితి, చేరతామని మన ప్రభుత్వం 2021లో గ్లాస్గోలో ప్రకటించింది. అంటే ఈ మార్పంతా వాడి సర్వీసులోనే జరగాలి. మీ సర్వీసు గడిచినట్టే వాడిదీ గడుస్తుందని అనుకోవడానికి లేదు.

మరి ఊరంతా ఒకే మాట ఎందుకంటోంది? క్వార్టరు, ఆసుపత్రి, దసరా ముందు వచ్చే లాభాల వాటా, అన్నీ బొగ్గు నుంచే వచ్చినప్పుడు ఇంకో మాట చెప్పేవాళ్లు దొరకరు. వాళ్లకు మీమీద ప్రేమ లేక కాదు. పైస్థాయిలో మాత్రం తెలిసి తెలిసి దాచిన కంపెనీలున్నాయి. ఇంధనాలు కాల్చడం వల్ల భూమి వేడెక్కుతుందని అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌కు దాని సొంత శాస్త్రవేత్తలే 1977 నుంచి చెబుతూ వచ్చారు. ఆ అంచనాలు చాలావరకు నిజమయ్యాయని 2023లో ‘సైన్స్’ పత్రికలో పరిశోధన వచ్చింది. అన్ని ఏళ్లూ కంపెనీ మాత్రం జనంలో అనుమానాలు రేపుతూ ప్రచారం చేసింది. అందుకే ఏ పరిశ్రమ గురించైనా అది చెప్పే మాట కన్నా అది డబ్బు ఎక్కడ పెడుతోందో చూడమంటాను.

దానికి మీరు దూరం వెళ్లక్కర్లేదు. రామగుండంలో ఎన్టీపీసీ తన రిజర్వాయర్ నీళ్ల మీదే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెట్టింది. 2022 జూలై నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది. 500 ఎకరాల్లో 40 బ్లాకులు, ఒక్కో బ్లాకుకు 11,200 ప్యానెళ్లు. ప్రతి బ్లాకుకూ నీళ్లలో తేలే ఒక ప్లాట్‌ఫాం ఉంటుంది. దానిమీద ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్, హెచ్‌టీ (హై టెన్షన్) బ్రేకర్ ఉంటాయి. అక్కడి నుంచి 33 కేవీ కేబుల్ మీద కరెంటు బయటికొస్తుంది. ఇందులో ఎలక్ట్రికల్ చదివినవాడికి కొత్తగా కనిపించేది తక్కువే. సింగరేణి కూడా సొంతంగా సోలార్ ప్లాంట్లు కట్టుకుంటోంది.

అందుకని మీ అబ్బాయిని ఈఈఈలో (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) చేర్పించమంటాను. ‘సోలార్ ఇంజినీరింగ్’ అని బోర్డు పెట్టి ఎక్కువ ఫీజు అడిగే కోర్సుల జోలికి వెళ్లొద్దు. మామూలు ఈఈఈ చాలు. పవర్ ఎలక్ట్రానిక్స్, ప్రొటెక్షన్, స్కాడా (ప్లాంటును కంప్యూటర్‌తో దూరం నుంచే గమనించి నడిపే పద్ధతి) బాగా నేర్చుకోమనండి. ఈ డిగ్రీతో జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కంలలో ఏఈ పోస్టులకు పోటీ పడొచ్చు. గేట్ రాస్తే ఎన్టీపీసీ లాంటివి ఉన్నాయి. సింగరేణిలోనే ఈ అండ్ ఎం (ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్) మేనేజ్‌మెంట్ ట్రైనీ పోస్టులకూ ఇదే అర్హత. రేపు బొగ్గు తగ్గినా వాడి చదువుకు విలువ తగ్గదు.

అబ్బాయికి కూడా ఒక మాట చెప్పండి. సోలార్ ప్లాంటు కట్టేటప్పుడు వందల మంది కావాలి, కట్టాక నడపడానికి కొద్దిమంది చాలు. ఆ ఉద్యోగాల్లోనూ చాలావరకు కాంట్రాక్టువే. సింగరేణి జీతం, క్వార్టరు అక్కడ ఆశించకూడదు. తెలిసే వెళ్లాలి.

మైనింగ్ పనికిరాని చదువని నేననను. రాగి, సున్నపురాయి ఎక్కడైనా తవ్వాల్సిందే. కాకపోతే బొగ్గు గనుల మేనేజర్ సర్టిఫికెట్ వేరు, మెటల్ గనులది వేరు. ఆ బ్రాంచిలో చేరాల్సి వస్తే రెండోదాని మీదా మొదటి నుంచే దృష్టి పెట్టాలి.

మెడికల్ అన్‌ఫిట్ మాట వదిలేయండి. నిజంగా ఆరోగ్యం పాడైన కార్మికుడి కుటుంబం కోసం పెట్టుకున్న ఏర్పాటు అది. మీరు బాగున్నారు, సర్వీసు ఉంది. ఇంజినీరింగ్ చదవగలిగిన పిల్లాణ్ని మీ జీతం వదులుకుని మరీ కింది స్థాయి పనిలోకి పంపడం ఎందుకు?

వెబ్ ఆప్షన్లలో ముందు ఈఈఈ ఉన్న ప్రభుత్వ, యూనివర్సిటీ కాలేజీలన్నీ పెట్టండి, తర్వాత మైనింగ్, ఆ తర్వాతే ప్రైవేటు కాలేజీల ఈఈఈ. ఫ్రీజ్ చేసే ముందు పక్కన కూర్చుని ఒక్కో కాలేజీ కోడ్ సరిచూడండి.