ఆ వాచీ మూత తెరిచి చూడు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. తాతగారి బంగారు వాచీని మనవడు అమ్మబోయే ఘట్టం నన్ను కదిలించింది. కానీ ఆ వాచీని నువ్వు చేతిలోకి తీసుకుని చూడలేదని తెలిసిపోయింది.

1953 నాటి ఆ స్విస్ వాచీ, ఒమేగా కాన్‌స్టెలేషన్, ‘కొత్తదానిలా ధగధగ మెరిసింది’ అన్నావు. ముప్ఫై ఏళ్లు చేతికున్న బంగారం అలా మెరవదు. మెరిసిందంటే ఎవరో పాలిష్ పట్టినట్టే. అప్పుడు పట్టీ తగిలించే కొమ్ముల అంచులు అరిగిపోయి గుండ్రంగా ఉంటాయి. తెలిసినవాడు ముందు అక్కడే చూస్తాడు. అక్కడ కింది లోహం బయటపడితే అది ఉత్త పూత.

నీ వ్యాపారి గీటురాయి తీశాడు. అలా గీస్తే కేసు, అంటే వాచీ బయటి బంగారు డొప్ప, పాడవదూ? వెనక మూత విప్పి భూతద్దం పెట్టుకోవాలి. స్విస్ కేసయితే లోపల 0.750 అంకె, ఒక స్త్రీ తల ముద్ర వెతకాలి. ఆ తల స్విట్జర్లాండ్‌కు ప్రతీకగా గీసే హెల్వీషియా అనే స్త్రీది, 18 క్యారెట్లకు గుర్తు. 14 క్యారెట్లకు ఉడుత ఉండేది. 1995 నుంచి వాటి బదులు కుక్క తల వచ్చింది.

‘లోపల చక్రం గిర్రున తిరిగింది’ అన్నావు. ఆ ఏటి కాన్‌స్టెలేషన్‌లో ఉన్నది బంపర్ మెషీన్. చెయ్యి కదిలినప్పుడు వాచీకి కీ ఇచ్చే బరువు అందులో చుట్టూ తిరగదు, రెండు పక్కలా స్ప్రింగులకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. చెయ్యి కదిపితే మణికట్టుకు తట్టినట్టు తెలుస్తుంది. తాత చేతి మీద తల పెట్టుకుని నిద్రపోయిన పిల్లవాడికి ఆ తట్టు గుర్తుండదా? నీ కథ అక్కడ మలుపు తిరగాల్సింది.

‘డయల్ మరకలు పోగొట్టండి’ అని మనవడు అడిగే మాట మాత్రం తీసెయ్యకు. మా నాన్న వాచీకి నేనూ ప్రేమకొద్దీ అదే చేశాను. ఒక షాపులో రీడయల్, అంటే డయల్‌కు మళ్లీ రంగూ అక్షరాలూ వేయించడం, చేయించాను. లావు అక్షరాలు, కాస్త వంకరగా ‘స్విస్ మేడ్’ వచ్చాయి. పాత అక్షరాలు ఎంత సన్నగా, తేటగా ఉండేవో అప్పుడు గానీ తెలియలేదు. నాన్న రోజూ చూసుకున్న డయల్ అది. ఇప్పటికీ బాధే.

మీ తాతగారి వాచీ ఇంట్లోనే ఉందన్నావు కదా. మంచి మెకానిక్ దగ్గర నువ్వు పక్కనే ఉండి మూత తెరిపించు. పాలిష్ మాటెత్తితే వద్దను. రిపేరు చేసినవాళ్లు మూత లోపల తేదీలో గుర్తులో సన్నగా గీసే అలవాటుంది. అవి కనబడితే ముందు నాకు ఫోన్ చెయ్యి.